పద్నాలుగు కిటికీల ఓడ

మా వదిన కట్టిన ఓడకి పద్నాలుగు కిటికీలుండేవి. ఒక్కొక్కటే ఆవిడ చేతే పీకించాను. నా వెధవబుద్ధి తప్ప దానికి వేరే కారణమేమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కథ మధ్యలో నామీద ఎవరికైనా జాలి పుడుతుందేమోనని నా భయం.

ఓడంటే నీళ్లమీద తేలేది కాదు. అంతరిక్షంలో ఓడ నడుపుకుంటూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి సరుకు చేరవేసే పాత కంప్యూటర్ ఆట ఒకటుంది. తయారుచేసినవాళ్లు దాన్ని ఎప్పుడో గాలికొదిలేశారు. మోజు చావని మాలాంటివాళ్లం ఓ నలభైమందిమి మాత్రం పాత కంప్యూటర్లు పారేయలేక వాటిమీదే ఆడుకుంటూ, ఆటలోకి కొత్త ఓడల్ని మేమే కట్టుకుని కలుపుకునేవాళ్లం. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఇంటర్నెట్‌లో ఒక బోర్డు ఉండేది, మా ముచ్చట్లన్నీ అందులోనే. వేసవి చివర, ఆ ఏడు తయారైన ఓడలన్నిటినీ ఒకచోట చేర్చి అందరికీ పంచేవాళ్లం. దాన్ని మూట అనేవాళ్లం.

మూటలోకి వెళ్లే ప్రతి ఓడా ముందు నా దగ్గరికి రావాలి. పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్లో నా ఉద్యోగం. అందరికంటే ముసలి కంప్యూటర్ నాదే. వచ్చిన ఓడని దాంట్లో పెట్టి, స్టేషన్ దగ్గర ఓడలు కిక్కిరిసి ఉన్నప్పుడు పది నిమిషాలు నడిపి చూస్తాను. బొమ్మ ఆగి ఆగి కుదుపుతూ కదిలితే ఓడ వెనక్కి. సాఫీగా సాగితే మూటలోకి. అందుకే బోర్డులో నా పేరు తూకం మాస్టారు. ఆ పేరంటే నాకెంత మురిపెమో చెప్పలేను. కొట్లో నన్ను 'ఇదిగో నిన్నే' అని పిలిచేవాళ్లు.

ఇంకో కట్టుబాటు ఉంది. ప్రతి ఓడతోపాటూ కట్టినవాళ్లు ఒక చీటీ రాసి పెట్టాలి. ఎవరు కట్టారు, ఎవరి సాయం తీసుకున్నారు, తర్వాత ఏదైనా మారిస్తే ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నీ అందులో ఉండాలి. మూట కట్టాక ఆ చీటీలో ఒక్క అక్షరం కూడా ఇంకెవరూ ముట్టుకోకూడదు. పెద్దలెవరో పెట్టిన నియమం కాదు. ఒకళ్ల కష్టం ఇంకొకళ్లు కాజేయకుండా మాకు మేమే పెట్టుకున్నది.

నేను కట్టిన ఓడ పేరు ఈక. పేరుకి తగ్గట్టే తేలికని అందరూ మెచ్చుకున్నారు. ఓడంటే మూడు మూలల పలకలు అతికించిన డొల్ల, అంతే. పలకలు ఎన్ని తక్కువైతే ఓడ అంత తేలిక. ఆరువందలు దాటకూడదని మా లెక్క. ఈకకి అయిదువందల నలభై. కిందటేడు దాని తోకకి మిణుకుమిణుకుమనే దీపాలు కూడా పెట్టాను. కొత్తగా ఎవరైనా చేరితే, ముందు ఈకని చూసి నేర్చుకోండి అనేవాళ్లు. ఆ మాటకి నా కళ్లు నెత్తికెక్కి చాలాకాలమైంది.

వదిన బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల దగ్గర నిలబడి, ముప్ఫై పొరల గుడ్డ ఒకేసారి కత్తిరిస్తుంది. ఆ ఏడు ఎండలు మొదలవుతూనే ఫ్యాక్టరీ మెట్లమీద జారిపడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుంది. మూడు నెలలు సిమెంటు కట్టు. మేముండేది మేడమీద మూడు గదుల వాటా, కిందికి దిగాలంటే ఇరవైరెండు మెట్లు. అన్నయ్య లారీ డ్రైవరు, నాలుగురోజులకోసారి ఇంటికొస్తాడు. నా కంప్యూటరు ముందుగదిలో కిటికీ పక్కనుండేది. వదిన మంచం కూడా అక్కడికే జరిపాం.

మొదటి వారమంతా ఆవిడ కట్టులో దురదపెడుతోందని స్కేలు దూర్చి గోక్కుంటూ, నేను ఆడుతుంటే చూస్తూ కూచుంది. ఒకరోజు అడిగింది.

"ఇన్ని ఓడలున్నాయి కదా, మనుషులు ఎక్కేదెలా వీటిలోకి?"

"ఎక్కరు వదినా. ముందునుంచీ లోపలే ఉంటారు."

"పుట్టిందగ్గర్నుంచా?"

"ఆటలో ఎక్కడాలు దిగడాలు ఉండవు."

"మరి కాలు విరిగినవాడు డాక్టరు దగ్గరికి ఎలా వెళ్తాడు?"

పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "ఇవి కట్టేదెలాగో నాకు చూపించు," అంది.

చూపించాను. రెండు గంటలు కూడా పట్టలేదు. "ఓస్, ఇది గుడ్డ కత్తిరించడమేగా!" అంది. మర్నాడు నేను కొట్టు నుంచి వచ్చేసరికి మంచం నిండా పాత పేపరు ముక్కలు. గుండుసూదులతో వాటిని కలిపి, సొరకాయంత డొల్ల ఒకటి చేసి పొట్టమీద పెట్టుకుని చూసుకుంటోంది.

"చొక్కా చెయ్యి భుజం దగ్గర గుండ్రంగా ఉంటుందా లేదా? మరి గుడ్డ గుండ్రంగా ఉంటుందా? ఎక్కడ కత్తిరించి ఎక్కడ కలపాలో తెలిస్తే, చదునుగా ఉన్నదే వంగుతుంది. మీవాళ్లు వంపు కావాల్సిన చోటల్లా ముక్కలు కుక్కేస్తున్నారు. దండగ."

పని అయ్యాక ఆ పేపరు ముక్కలు పారేయబోయాను. చెయ్యిమీద కొట్టింది. "మొదటి నమూనా పారేయకూడదు. తర్వాత ఎన్ని మార్చినా అది మేకుకి వేలాడుతూ ఉండాల్సిందే. మా బల్లమీద అదే రూలు." మంచం పైన మేకుకి తగిలించమంది, తగిలించాను.

నెల తిరక్కుండా ఓడ తయారైంది. పేరు ఊతం. రోగుల్ని మోసే ఓడ. పొట్ట దగ్గర చేపలా మెత్తటి వంపు. రెండువైపులా ఏడేసి చొప్పున పద్నాలుగు కిటికీలు, ఒక్కోదాంట్లో పసుప్పచ్చటి దీపం. స్టేషన్‌లో ఆగగానే పొట్ట తెరుచుకుని ఒక ర్యాంపు మెల్లగా కిందికి దిగుతుంది. మెట్లు కాదు, ర్యాంపు. మా ఆటలో అప్పటివరకూ ఉన్న రెండువందల పైచిలుకు ఓడల్లో ఒక్కదానికి కూడా తలుపు లేదు. ఇంతా చేసి పలకలు నాలుగువందల పది.

ఆ వారం అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. ర్యాంపు దిగడం మూడుసార్లు వేయించుకుని చూశాడు. "మా లారీకి కూడా ఇలాంటిది పెట్టించవే, ఎక్కలేక చస్తున్నాను," అన్నాడు. వదిన మొహం వెలిగిపోయింది. కాలు విరిగాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

బొమ్మ తీసి బోర్డులో పెట్టాం. గంటలో పదిమంది రాశారు. అందులో ఒకడు, 'ఇది ఈకని కూడా మించిపోయింది' అన్నాడు. దానికింద ఆరుగురు అవునని వంత పాడారు. నేను కూడా పాడాను. 'మా వదిన మరి!' అని రాశాను. రాస్తుంటే కడుపులో మంట బయల్దేరింది. అది తిన్నది అరక్క వచ్చిందనుకోవడానికి ఆరోజు నేనసలు ఏమీ తినలేదు.

మర్నాడు తూకం. ఊతాన్ని నా ముసలి కంప్యూటర్లో పెట్టి స్టేషన్ దగ్గరికి తీసుకెళ్లాను. కుదిపింది. బొమ్మ ఆగి, గెంతి, మళ్లీ ఆగింది. అబద్ధం కాదు, నిజంగానే కుదిపింది. వదిన నా వెనకే మంచంమీద కూచుని చూస్తోంది.

"బరువైంది వదినా."

"నాలుగువందల పదే కదా?"

"పలకలొక్కటే కాదు, పైన వేసిన రంగులు కూడా లెక్కే. ఏదో తినేస్తోంది."

ఈ మాట చెబుతున్నప్పుడు నాకు లోపల చల్లగా, హాయిగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే డోకొస్తుంది. వదిన తోకకున్న రెండు రెక్కలు తీసేసి ఇచ్చింది. మళ్లీ కుదిపింది.

మూడోరోజు నాకు సెలవు. పొద్దున్నే అన్నయ్య వదినని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఇంట్లో ఎవరూ లేరు. డిస్కు నిండిపోయిందని ఆటని మొత్తం చెరిపేసి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకున్నాను. అదనపు ఓడల ఫోల్డర్ ఖాళీ. అందులో ఊతాన్ని ఒక్కదాన్నే పెట్టి నడిపాను. నూనె రాసినట్టు సాగిపోయింది. స్టేషన్ చుట్టూ మూడు చుట్లు తిప్పాను. పద్నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి. ఎక్కడా ఒక్క కుదుపు లేదు.

అలవాటుగా ఈకని కూడా ఫోల్డర్లో పెట్టాను. కుదుపు మొదలైంది. ఈకని తీసేశాను, పోయింది. ఊతాన్ని తీసేసి ఈకనొక్కదాన్నే ఉంచాను. కుదిపింది.

ఆ తోక దీపాలు. అవి మిణుకుమనడానికి నేను రాసిన నాలుగు లైన్లు, ఓడ తెరమీద ఉన్నా లేకపోయినా వెనకాల ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. కొత్త కంప్యూటర్లు ఎలాగో ఓర్చుకున్నాయి. నాది ముసలిది, ఓర్చుకోలేకపోయింది. తూకానికి ఏ ఓడ వచ్చినా పక్కన నా ఈక ఉండాల్సిందే. తేలికంటే ఏమిటో చూసుకోవడానికని దాన్నెప్పుడూ తీసేవాణ్ణి కాను. అంటే తక్కెడలో ఒకవైపు నేనే కాలు పెట్టి తూచాను. ఆ దీపాలు పెట్టాక తూకానికొచ్చిన నాలుగు ఓడల్నీ వెనక్కి పంపాను. అందులో ఒకటి రిటైరైన సర్వేయరుగారిది. డెబ్బై ఏళ్ల మనిషి. చేతులు వణుకుతుంటే ఏడాది పట్టి కట్టుకున్నాడు. 'మీరు చెప్పారంటే అంతే తూకం మాస్టారూ, నా వల్ల కాదులెండి' అని రాసి, మళ్లీ బోర్డు మొహం చూడలేదు.

గుండె గుభేలుమంది. అయితే ఎంతసేపు? టీ కాచుకుని తాగేంతసేపు.

ఎవరికీ చెప్పకుండా ఆ నాలుగు లైన్లు చెరిపేద్దామా అనుకున్నాను. ఈక అప్పటికే అందరి కంప్యూటర్లలోకీ చేరిపోయింది. మారిస్తే ఏం మార్చానో, ఎందుకు మార్చానో చీటీలో రాయాలి. అది నావల్ల కాదు. సరే, ఇంకో దారి ఉంది కదా? ఈకని తీసేసి తూచి, ఊతం పాసైందని చెప్పేస్తే ఎవడడుగుతాడు? ఎవడూ అడగడు. పరువూ పోదు, వదిన ఓడా నిలబడుతుంది. చిటికెలో పని.

అది కూడా చేయలేదు. సర్వేయరు కోసమనీ, నియమం కోసమనీ తర్వాత చాలా సాకులు వెతుక్కున్నాను. ఒక్కటీ నిలబడదు. ఈకని మించిపోయిందన్నారు, అదీ సంగతి. కాలు విరిగి మంచంలో పడున్న మనిషి, నెలరోజుల్లో పేపరు ముక్కలతో నేర్చుకుని నన్ను దాటిపోయింది. అది నాకు మింగుడుపడలేదు. మిగతా ఓడలతోపాటు ఈకని కూడా మళ్లీ ఫోల్డర్లో దాని చోట పెట్టేశాను.

వదిన ఆస్పత్రి నుంచి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే, "ఏమైంది, చూశావా?" అంది.

"చూశాను. కిటికీలు తగ్గించి చూడు వదినా."

ముందు నాలుగు కిటికీలు పోయాయి. కూచుని, ఒక్కొక్కదాన్నీ ఎంచి తీసేసి, ఆ కన్నాన్ని పక్క పలకలతో పూడ్చి, రంగు సరిచేసి ఇచ్చింది. ఈకని ఫోల్డర్లోనే ఉంచి నడిపి చూపించాను. "ఇంకా కుదుపుతోంది, చూడు," అన్నాను. ఆవిడకి కనిపిస్తూనే ఉంది కదా మరి. నా అబద్ధానికి ఋజువు కూడా ఉండేది, ఎంత దరిద్రం! ఇంకో నాలుగు. తర్వాత ఆరు. మూడు వారాలు పట్టింది. కిటికీ పోయినప్పుడల్లా ఆవిడ పాత దాన్ని వేరే పేరుతో దాచుకుని, కొత్తదాన్ని నాకిచ్చేది. నేను తల పంకిస్తూ, "మెరుగైంది, ఇంకొంచెం," అనేవాణ్ణి. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు మాట్లాడతాడే ఓపిగ్గా, ఆ గొంతుతో.

అన్నయ్య ఒకసారి తెర వంక చూసి, "దీపాలేవిరా?" అన్నాడు.

"బరువన్నయ్యా."

"దీపాలకి బరువేంట్రా?" అని గొణుక్కుంటూ స్నానానికి వెళ్లాడు. లారీ నడిపేవాడికి తట్టిన ప్రశ్న మా నలభైమందిలో ఒక్కడికీ తట్టలేదు. తూకం మాస్టారి మాటమీద అంత గురి.

అప్పుడే రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. ఒకటి డాక్టరుది. కట్టు తీసినా ఇకమీదట రోజంతా నిలబడే పని కుదరదన్నాడు. ఫ్యాక్టరీలో కూచుని చేసేందుకు కటింగ్ మాస్టర్‌కి పనేముంది? వదిన రెండురోజులు మౌస్ ముట్టుకోలేదు. రెండోది బోర్డులోంచి. మాలో ఒకాయన్ని అచ్చుల మాస్టారనేవాళ్లం. ప్లాస్టిక్ సామాన్లకి అచ్చులు పోసే కార్ఖానా ఆయనది. మొదట పెట్టిన బొమ్మ చూశాట్ట. 'అంత తక్కువ పలకల్లో ఆ వంపు తెచ్చినావిడకి మా దగ్గర పని ఉండొచ్చు. కంప్యూటర్ ముందు కూచుని అచ్చుల ఆకారాలు గీయడం. మూటలో ఓడ రానివ్వండి, తిప్పి చూసి చెబుతాను' అని రాశాడు.

నేనే చదివి వినిపించాను. వదిన మళ్లీ చదవమంది. 'కూచుని' అన్న మాట దగ్గర ఆపి, "అలాగే రాశాడా?" అంది.

"అలాగే రాశాడు."

"అయితే మూటలోకి వెళ్లాలి, ఎలాగైనా," అంది.

ఇంత జరిగాకైనా మనిషన్నవాడు ఆగాలి. ఆగుదామనే అనుకున్నాను. ఆ సాయంత్రమే ఈకని తీసేద్దామని కూర్చున్నాను కూడా. ఇంతలో అచ్చుల మాస్టారి మాట కింద ఇంకెవరో రాశారు. 'వంపంటే అదీ, మిగతావాళ్లవన్నీ పెట్టెలు.' మిగతావాళ్లంటే నేనని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

"వంపు దగ్గర పలకలు సన్నగా ఉన్నాయి వదినా, అక్కడ చదును చేసి చూడు," అన్నాను.

చదును చేసింది. చేప పోయి చెక్కపెట్టె మిగిలింది. ఏ వంపు కోసం ఆవిడకి ఉద్యోగం ఇస్తానన్నారో ఆ వంపునే చదును చేయించాను. తెలియక చేసింది కాదు.

మూట కట్టడానికి రెండురోజులుందనగా, ఇక మిగిలింది ర్యాంపు ఒక్కటే. మధ్యాహ్నం. బయట ఎండ మండిపోతోంది, కంప్యూటరు లోపలి ఫ్యాను రొదపెడుతోంది. వదిన కర్ర ఊతంతో లేచి వచ్చి నా పక్కన కుర్చీలో కూచుంది.

"ఇప్పుడేమంటావ్?"

"ఆ ర్యాంపు కదులుతుంది కదా. అదే తినేస్తున్నట్టుంది."

ఆవిడ తెరవంక చూడలేదు. నావంక చూసింది.

"అది కూడానా?"

"అదొక్కటీ తీసేస్తే అయిపోయినట్టే."

"బాగా చూశావా?"

"చూశాను వదినా."

వదిన మౌస్ తన వైపు లాక్కుని, ర్యాంపుని ఎంచి తీసేసింది. పొట్టలో కన్నాన్ని రెండు పలకలతో మూసింది. "ఇదిగో," అని లేచి మంచం దగ్గరికి వెళ్లిపోయింది. నేను టీ పెట్టుకున్నాను. ఆవిడకి కూడా ఇచ్చాను, తాగింది.

ఊతం మూటలోకి వెళ్లింది. మూట కట్టేటప్పుడు ఈకని ఫోల్డర్లోంచి తీసేసి తూచాను లెండి, పాసవ్వాలి కదా! దాంతోపాటూ వదిన రాసిన చీటీ నాకిచ్చింది. మూడు లైన్లు. 'ఈ ఓడ మొదట ఇలా లేదు. ఏది ఎక్కడ తీసేయాలో ప్రతిసారీ మా మరిది చెప్పాడు. ప్రతి కోతా ఆయన చూసి చెప్పిందే.'

చదివి నాకు కళ్లు చెమర్చాయి. నిజం. నాకు కృతజ్ఞత చెప్పిందనుకున్నాను.

బోర్డులో మెచ్చుకోళ్లు మొదలయ్యాయి. అవి ఊతానికి కాదు, నాకు. 'సొంత వదినైనా తూకంలో రాజీపడలేదు, అదీ తూకం మాస్టారంటే.' 'ఆయన చెయ్యి పడితే ఓడ దారికొస్తుంది.' అంతా ఆవిడ కష్టమేనని వినయంగా జవాబులు రాశాను. ఆ జవాబులు ఇప్పటికీ ఉన్నాయి. పొరపాటున కంటపడితే కుళ్లిన గుడ్డు పగిలినట్టు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది.

వారం తర్వాత ఆదివారం పొద్దున అన్నయ్య కూడా ఇంట్లో ఉన్నాడు. వదిన కట్టు తీసేశారు. పాలిపోయిన కాలు ముందుకి చాపుకుని నూనె రాసుకుంటోంది. "ఏమోయ్, నా చేతులకి జిడ్డు. అచ్చుల మాస్టారి నుంచి నాకేదో ఉత్తరమొచ్చింది, కొంచెం పైకి చదివి పెట్టు. మీ అన్నయ్య కూడా వింటారు," అంది.

కుర్చీ లాక్కుని గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. 'అమ్మా, రెండు ఓడలూ చూశాను.'

ఆగిపోయాను.

"చదవరా," అన్నాడు అన్నయ్య.

'రెండు ఓడలూ చూశాను. మూటలో వచ్చినదీ, మీరు విడిగా పంపిన మొదటిదీ. మొదటిదాన్ని మా దగ్గరున్న పాత కంప్యూటర్‌మీద కూడా నడిపాం. ఏ ఇబ్బందీ లేదు. దాన్ని కట్టిన చేతికి మా దగ్గర పని ఉంది, ఒకటో తారీఖు నుంచి రండి. రెండోది అలా ఎందుకైందో నేనేమీ అడగను. ఆ చీటీ చదివాను.'

అన్నయ్య ఎగిరి గంతేశాడు. "ఉద్యోగమే! కూచుని చేసేదే!" అని వదిన భుజం పట్టుకుని ఊపేశాడు. తర్వాత నావైపు తిరిగి, "రెండు ఓడలేంట్రా?" అన్నాడు.

వదిన కాలికి నూనె రాసుకుంటూ తలెత్తకుండానే, "ముందు కట్టిందొకటి, తర్వాత కట్టిందొకటి," అంది. "మొదటి నమూనా మేం పారేయం కదా."

అన్నయ్య అడగడం మానేశాడు. అంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

ఆ వారంలో నేనింకో ఘనకార్యం చేశాను. బోర్డులో తప్పు ఒప్పుకున్నాను. ఈక దీపాల వల్ల తూకం తప్పిందనీ, వెనక్కి పంపిన నాలుగు ఓడల్నీ మళ్లీ పంపమనీ రాశాను. అందులో 'ఈ మధ్యనే గమనించాను' అని ఒక మాట చేర్చాను. ఆ ఒక్క మాట లేకపోతే అది ఒప్పుకోలయ్యేది. దానికి ముప్ఫైమంది చప్పట్లు కొట్టారు. 'తప్పు ఒప్పుకోవాలన్నా పెద్ద మనసుండాలి.' అచ్చుల మాస్టారు మాత్రం ఏమీ రాయలేదు. సర్వేయరుగారికి విడిగా రాశాను. ఆయన కూతురు జవాబిచ్చింది. నాన్న ఇప్పుడు కంప్యూటర్ ముట్టుకోవడం లేదండీ, అంది.

కార్ఖానా ఊరికి అటు చివర. వదిన రోజూ అంత దూరం తిరగలేదని, అన్నయ్యావాళ్లు అక్కడే కింది వాటా ఒకటి చూసుకున్నారు. మెట్లు లేనిది. సామాను లారీలో ఎక్కించాం. గదులు డొల్లయ్యాయి. గోడకి మేకుండిపోయింది, పేపరు నమూనా లేదు. ఆవిడ ముందే చుట్టి సంచిలో పెట్టుకుంది.

అన్నయ్య వెనక తాళ్లు బిగిస్తున్నాడు. వదిన లారీ ముందు తలుపు దగ్గర చేతికర్రతో నిలబడింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది.

"వదినా, ఎప్పుడు తెలిసింది?"

ఏమిటని అడగలేదు. "నువ్వు కొట్టుకెళ్లినప్పుడు. వంపు చదును చేశాక కూడా కుదిపితే అనుమానమొచ్చింది. కుట్టు సరిగ్గా రాకపోతే మేం ఒక్కో ముక్కా విప్పి చూస్తాం. ఆ ఫోల్డర్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. నీదే చివర్న తీశాను. నీది అయ్యుండదనుకుని."

"అంటే... ర్యాంపు తీసేటప్పటికి?"

"ముందురోజే తెలుసు."

"తెలిసి కూడా ఎందుకు తీసేశావు?"

"అప్పుడైనా నువ్వే వద్దంటావేమోనని చూశాను."

అన్నయ్య అటు తలుపు తీసుకుని కూర్చుని హారన్ కొట్టాడు. లారీ మెట్టు ఆవిడ నడుమంత ఎత్తులో ఉంది. ఎక్కించడానికి చెయ్యి చాపాను. ఆవిడ ఆ చెయ్యి వంక ఒకసారి చూసి, కర్ర లోపలికి విసిరి, కమ్మీ పట్టుకుని, బాగున్న కాలు ముందు పెట్టి, రెండోదాన్ని లాక్కుంటూ తనే ఎక్కింది.